ల్యాప్‌టాప్‌లో చుట్ట వాసన

ఆ రోజూ అన్ని రోజుల్లాగే తెల్లారింది. కింద కుళాయి దగ్గర బిందెల చప్పుడు, డాక్ వైపు నుంచి ఓడ కూత, వరండా నిండా పక్కింటివాళ్ళ తడిబట్టలు. పుష్పరాణి డ్యూటీ చీర కట్టుకుని, జుట్టు ముడి వేసుకుని, కూతురి టీ గ్లాసు మీద మూత పెట్టింది. ఆమె, ఆమె మొగుడు హనుమయ్య ఇద్దరూ కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పనిలో ఉన్నారు. హౌరాకి నది ఇవతల ఖిదిర్‌పూర్ క్వార్టర్స్‌లో వాళ్ళకున్నది ఒకటే గది. వంటా అక్కడే, పడకా అక్కడే, దేవుడూ అక్కడే. ఏడాదిగా కూతురు అమూల్య ఆఫీసు కూడా అక్కడే.

అమూల్య ఓ ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలు చూస్తుంది. ఇంటినుంచే పని. బెంగాలీలకి అమూల్య అంటే మగపేరు, అందుకని ఆఫీసు ఫోన్లలో "అమూల్య బాబు ఉన్నారా?" అని అడిగేవాళ్ళు తరచూ తగులుతారు. ఆ వారం పిల్లకి పొద్దుటి షిఫ్టు. అప్పటికే కిటికీ పక్క బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

పుష్పరాణి సంచీ తీసుకోవడానికి బల్ల పక్కకి వంగింది. అంతే, అలాగే ఉండిపోయింది.

చుట్ట వాసన.

బీడీ వాసనయితే వీధిదనుకునేది. సిగరెట్టయితే కింద టీ కొట్టుదనుకునేది. ఇది పలాసలో రైలెక్కి హౌరాలో దిగే పొగాకు. ఘాటుగా, కాస్త తియ్యగా, గొంతులో గీరుకునే వాసన. ఈ క్వార్టర్స్ మొత్తంలో ఆ చుట్ట కాల్చిన మనిషి ఒక్కతే, పుష్పరాణి అత్త నరసమ్మ. ఆ నరసమ్మ పోయి రెండు నెలలు దాటింది.

"అమ్మీ, నీకేటైనా వాసనొస్తన్నాదా?"

అమూల్య తలెత్తలేదు. "ఏ వాసన? నాకేటీ రాట్లేదు. నీకు టైమైపోతంది, ఎల్లు అమ్మా."

అంతలో ల్యాప్‌టాప్‌లోంచి చప్పుడు మొదలైంది. ముందు సన్నగా, తర్వాత ఆయాసపడుతున్నట్టు గురగురగా. చప్పుడు పెరిగినకొద్దీ వాసనా పెరిగింది. ఒక్కసారిగా తెర నల్లబడింది. చప్పుడు ఆగింది.

"మళ్ళీ పోయింది!" అమూల్య నెత్తి కొట్టుకుంది. "ఇలాగే పోతా ఉంటే నా ఉజ్జోగం కూడా పోద్ది."

పుష్పరాణి భయంభయంగా దాని అడుగున వేలు పెట్టి చూసింది. కాలిన పెనంలా ఉంది. వేలు చప్పున లాక్కుని, కూతురికి ఒక్క మాట చెప్పకుండా మెట్లు దిగిపోయింది. ఆ పూట ఏ వీధి ఊడ్చిందో, ఏ వీధి వదిలేసిందో ఆమెకే తెలియదు.

ఇంత భయం ఎందుకంటారా? ఉంది కారణం. లేకపోతే ముప్పయ్యేళ్ళు కలిసి బతికిన అత్త వాసనకి ఏ కోడలైనా వణుకుతుందా?

నరసమ్మది అడ్డపొగ. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకి అదో అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటారు. పొగంతా ముందు లోపలికే, ఆ తర్వాతే ఊపిరితో బయటికి. చూసేవాళ్ళకి చుట్ట చివర తప్ప నిప్పు కనబడదు. మసక వెలుతురులో ఆవిడ నోరు తెరిస్తే లోపల ఎర్రగా వెలిగేది. చిన్నప్పుడు అమూల్య స్నేహితురాళ్ళు అది చూసి కేకలు పెట్టి పారిపోయేవాళ్ళు.

అమూల్యకి ఆఫీసువాళ్ళు ల్యాప్‌టాప్ ఇస్తూనే జాగ్రత్తలు చెప్పారు. నీళ్ళు తగలకూడదు, పొగ తగలకూడదు, పాడైతే నీదే బాధ్యత. అది విన్న నాటినుంచీ అత్త చుట్ట ముట్టిస్తే చాలు, పుష్పరాణికి ఒళ్ళు మండిపోయేది. వానాకాలం మొదట్లో ఒకరోజు ఇక ఆగలేకపోయింది.

"పిల్ల ఉజ్జోగం నీ చుట్టకి బలిచ్చీమంటావేటి అత్తా? కాల్చుకుంటే మెట్ల మీదకి పోయి కాల్చుకో. గదిలో ఇంకోపాలి ఎలిగించినావంటే నా సేతి అన్నం నీకు నేదు!"

నరసమ్మ చుట్ట ఆర్పేసింది. మర్నాడు పీట పట్టుకుని మెట్ల మీదకి వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత ఆవిడ కోడలితో సరిగ్గా ఒక్క మాట మాట్లాడింది లేదు. పుష్పరాణి డ్యూటీ నుంచి వచ్చేసరికి గోడ వైపు తిరిగి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. "అన్నమెట్టీనా?" అంటే తల ఊపేది. "ఒంట్లో బాగానేదా?" అంటే చెయ్యి ఊపేది. అంతే. వానలు ముదిరాయి, నెమ్ము చేసింది, ఆస్పత్రిలో పెట్టారు. అక్కడా మాట లేదు. అలాగే పోయింది.

శవాన్ని తీసుకెళ్ళిన సాయంత్రం పక్కింటి దుర్గాదేవి ఓ మాట అంది. చెడ్డదేం కాదు, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. "ముసిల్దాన్ని వానలో మెట్ల మీద కూకోబెట్టీసినారు, మరి నెమ్ము సెయ్యదేటి?" అంది. ఆ మాట పుష్పరాణి గుండెలో ముల్లులా దిగిపోయింది. అత్త తన మీద కోపంతోనే పోయింది. క్షమించకుండానే పోయింది. ఆమెకి ఇంక వేరే ఆలోచన లేదు.

అలాంటి మనిషికి గదిలో చుట్ట వాసన వస్తే ఏమనుకుంటుంది చెప్పండి?

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అమూల్య ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతోంది. అవతల సాయి తేజ అని ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు. కరీంనగర్ వైపు వాడు, సెక్టార్ ఫైవ్‌లోని కంపెనీ ఆఫీసులో ఉద్యోగం.

"ల్యాప్‌టాప్ మెత్త మీద గాని దుప్పటి మీద గాని పెడుతున్నరా మేడం?"

"లేదండీ, బల్ల మీదే."

"ఒకసారి ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం ఒత్తి పట్టుకోండ్రి. ఇగ మల్ల ఆన్ చేయుండ్రి. వెనుక ఏమేం ప్రోగ్రాములు నడుస్తున్నయో చూసి అక్కర్లేనివి మూసెయ్యుండ్రి. అప్‌డేట్ ఉంటే అది గూడ పెట్టుండ్రి."

అమూల్య అన్నీ చేసింది. తెర వెలిగింది. కాసేపు బుద్ధిగా నడిచి, వీడియో కాల్ పెట్టగానే మళ్ళీ గురగుర, మళ్ళీ వేడి, మళ్ళీ చీకటి.

"ఫ్యాన్ తిరుగుతున్నది గని గాలి బయటికి పోతలేదు," అన్నాడు సాయి తేజ. "లోపల ఏదో అడ్డం ఉన్నది. రేపు నేనే వచ్చి విప్పి చూస్త. లంచ్ అయినంక, సెకండ్ హాఫ్‌ల."

లోపల ఏదో ఉంది! ఆ మాట వినగానే పుష్పరాణి చేతిలో అన్నం ముద్ద కంచంలో జారిపోయింది. అమూల్య ముఖం కూడా పాలిపోయింది. విప్పి చూస్తాడనేసరికి ఆ పిల్ల ఎందుకంత బెదిరిందో పుష్పరాణి ఆలోచించే స్థితిలో లేదు. అమూల్య లేచి వెళ్ళి బల్ల దగ్గర రెండు అగరొత్తులు వెలిగించింది. ఈమధ్య రోజూ వెలిగిస్తోంది. పిల్లకీ భయంగానే ఉందనుకుంది తల్లి.

మర్నాడు పొద్దుట్నించీ ఆకాశం మూసుకుపోయి ఉంది. మధ్యాహ్నానికే దీపాలు పెట్టుకోవలసినంత చీకటి. వాన మొదలవగానే కరెంటు పోయింది. అమూల్య నీళ్ళకి కిందకి వెళ్ళింది. పుష్పరాణి గదిలో ఒంటరిగా బియ్యం ఏరుతోంది. ల్యాప్‌టాప్ మూసే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

అప్పుడు వినిపించింది. హుఁ... హుఁ... హుఁ. ఊపిరి. ముసలి ఊపిరి. గొంతులో కఫం అడ్డం పడ్డప్పుడు నరసమ్మ తీసే ఊపిరే అది. కిటికీ పక్క నుంచి వస్తోంది.

చేట పక్కన పెట్టి చూసింది. మూసిన ల్యాప్‌టాప్ పక్కన చిన్న వెలుగు. నారింజ రంగులో వెలుగుతోంది, ఆరుతోంది. నోరు తెరిచి మూసినట్టు. గదంతా చుట్ట వాసనతో నిండిపోయింది. పారిపోదామంటే ఆ బల్ల పక్కనుంచే గుమ్మం దాటాలి.

"అత్తా," అంది చివరికి. చేతులు జోడించింది. "తప్పయిపోనాది అత్తా. నోరు జారినాను. మెట్ల మీదకి పొమ్మన్నాను గానీ సచ్చిపొమ్మన్నేదే! పిల్ల జోలికి రాకు. దాని పొట్టకొట్టకు. నీ కోపం నా మీద సూపించు, నన్ను తీసుకుపో."

గుమ్మంలో బిందె ఠంగుమంది. అమూల్య నిలబడి ఉంది. మొత్తం విన్నట్టుంది. నీళ్ళు కాళ్ళ మీదుగా పారుతున్నా కదల్లేదు. నోరు తెరిచింది, ఏదో చెప్పబోయింది.

"ఏటే అలా సూస్తావు? నువ్వూ సూసినావు కదా? నువ్వూ ఇన్నావు కదా?"

"అది... అప్‌డేట్ కోసం దానంతటదే లేస్తాదమ్మా. ఛార్జింగ్ అయిపోతంటే ఆ లైటు ఎలుగుతాది. అంతే," అంది అమూల్య. అని ఏడుపు ఆపుకుంటూ మొహం తిప్పుకుంది.

సరిగ్గా అప్పుడే తడిసిన గొడుగుతో, భుజాన నల్ల సంచీతో సాయి తేజ దిగాడు. "అమూల్య గారి ఇల్లెక్కడ అని అడిగితే కింద ఎవ్వరు చెప్తలేరు మేడం. నర్సమ్మ మనమరాలా అన్నరు, అవునో కాదో తెల్వక అవునన్న," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వుకి గదిలో ఎవరూ నవ్వలేదు.

కరెంటు వచ్చింది. కుర్రాడు నేల మీద గుడ్డ పరిచి, ల్యాప్‌టాప్ బోర్లా పెట్టి, మరలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. పుష్పరాణి గోడకి ఆనుకుని చూస్తోంది. అమూల్య తలుపు దగ్గర గోళ్ళు కొరుక్కుంటోంది. అడుగు మూత ఊడొచ్చింది. గుప్పుమని కొట్టింది వాసన. సాయి తేజ వెనక్కి జరిగాడు.

"అబ్బా! ఏంది ఇది?"

ఫ్యాన్ రెక్కలకి, దాని పక్కన గాలి పోయే సందులకి తేనె రంగులో మందంగా ఏదో అంటుకుని ఉంది. దాని మీద దుమ్ము, బూడిద. వేలితో గీకితే జిగురుగా సాగింది. కుర్రాడు వేలు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు.

"దుమ్మయితే గిట్ల ఉండదు. ఇది పొగాకు జిడ్డు. ఇంట్ల ఎవరు తాగుతరు మేడం? అంకుల్ తాగుతరా?"

"మా ఇంట్లో ఎవురూ తాగరు బాబూ," అంది పుష్పరాణి. "తాగే మనిషి ఎల్లిపోయి రెండు నెల్లయినాది."

సాయి తేజ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. వాడూ అటూ ఇటూ చూశాడు.

పుష్పరాణి ఒక్క అంగలో వచ్చి, విప్పిన ల్యాప్‌టాప్‌ని గుడ్డతో సహా ఎత్తి గుండెకి అదుముకుంది. మరలు గలగలా నేల మీద దొర్లాయి. "ఇది నా ఇంట్లో ఉండడానికి ఈల్లేదు. ఇందులో కూకుంది ముసిల్ది. గంగలో కలిపీసొస్తాను!"

"అమ్మా! అది ఆఫీసుదే!"

"ఉజ్జోగం పోతే పోనీ! నాతో సీపురు పట్టుకుని రా, బతుకుదాం. ఈ ఉజ్జోగం కోసమే కదే ఆవిణ్ణి తిట్టినాను, ఇప్పుడిదే ఒద్దంటన్నాను. అడ్డు లే!"

అమూల్య తలుపుకి అడ్డంగా నిలబడింది. తల్లీ కూతుళ్ళు పెనుగులాడారు. సాయి తేజ "ఆంటీ, ఆంటీ" అంటూ వెనకే తిరుగుతున్నాడు.

"ఆవిడ పొగేనమ్మా అది!" అమూల్య అరిచింది. "దెయ్యం పొగ కాదు. బతికున్నప్పుడు కాల్చిన పొగ!"

పుష్పరాణి ఆగింది.

"మామ్మ మెట్ల మీద కూకున్నది ఒక్క రోజే. వానజల్లు మీద పడతంటే సూళ్ళేక నేనే సెయ్యట్టుకుని లోపలికి తెచ్చీసినాను. మరింకెప్పుడూ బయటికెల్లనేదు. నువ్వు డ్యూటీకెల్లగానే ఈ బల్ల పక్కనే పీట ఏసుకునీది. నేను పని సేసుకునీదాన్ని, తను కాల్చుకునీది. ఆవిడ సీరకెప్పుడూ ఆ వాసనే కదా, నీకు అనుమానం రానేదు. పొగంతా దీని సందుల్లోకే పోయీది. నాకు తెలుసు పాడవుద్దని. అయినా ఒద్దన్లేకపోనాను."

"మరి ఇన్నాళ్ళూ సెప్పవేటి? నేను సస్తన్నాను కదే భయంతో!"

"ఆఫీసోళ్ళకి తెలిస్తే తీసీస్తారని. నీకు తెలిస్తే తంతావని. ఆ వాసన కప్పీడానికే అగరొత్తులు." అమూల్య ఏడ్చేసింది. "ఆవిడ పోయిన కాడ్నించీ ఇంకో భయం. మెట్ల మీదే ఉంటే సలికి తక్కువ కాల్చీదేమో. కూకోబెట్టి కాల్పించింది నేనే. ఆవిణ్ణి నేనే సంపీసినానేమోనని."

పుష్పరాణి చేతిలోని ల్యాప్‌టాప్‌ని సాయి తేజ మెల్లగా, నిద్రపోయే పిల్లని తీసుకున్నట్టు తీసుకున్నాడు. ఆమె చూడనే లేదు. కూతుర్ని చూస్తోంది.

"పిచ్చిదానా, పదేళ్ళ పిల్లప్పట్నించీ కాల్చినాది మీ మామ్మ. నిన్న గాక మొన్నొచ్చి నువ్వు సంపీసినావా?" అంది. కూతురికి చెప్పాక గానీ ఆ మాట తనకీ వర్తిస్తుందని ఆమెకి తట్టలేదు. కానీ ఒకటి మిగిలిపోయింది. "మెట్ల మీద నేకపోతే మరి నాతో మాటెందుకు మానీసింది? నేనొస్తే గోడ వైపు తిరిగిపోయీది. అంత కోపమెందుకే?"

అమూల్య కన్నీళ్ళలోనే నవ్వింది. "కోపమేటమ్మా! నువ్వు మెట్లెక్కతన్న సప్పుడయ్యీసరికి చుట్ట పారీడానికి టైముండీది కాదు. నోట్లో అలాగే పెట్టీసుకుని, పమిట అడ్డం ఏసుకుని, గోడ వైపు తిరిగిపోయీది. లోపల నిప్పు ఎలగతంటే నీకేటి సమాధానం సెప్తాది? నోరు తెరిస్తే దొరికిపోదేటి?"

గోడ వైపు తిరిగిన ఆ వీపు పుష్పరాణి కళ్ళకి కట్టింది. ఆ భుజాలు కదిలేవి. కోపంతో వణికిపోతోందనుకుంది తను. ఏడుస్తోందనుకుంది ఒక్కోసారి. నవ్వు ఆపుకునేదన్నమాట! దొంగముండ! నోట్లో నిప్పు పెట్టుకుని, కోడలికి దొరక్కుండా, లోలోపల నవ్వుకునేది!

"ఆస్పత్రిలో?" అంది.

"అక్కడ ముక్కుకీ నోటికీ మాస్క్ కదమ్మా. నాన్నతోనూ మాటాడనేదు, నాతోనూ మాటాడనేదు."

సాయి తేజ సంచీలోంచి చిన్న డబ్బా తీశాడు. "ఫ్యాన్ కొత్తది తెచ్చిన, మారుస్త. లోపలంత కడుగుత. పనిజేస్తది. కాని మా సార్ అడిగితే ఉన్నదే చెప్పాలె మేడం. పొగతోని పాడైందని."

"చెప్పండి," అంది అమూల్య. "మా మామ్మ పొగ అని చెప్పండి. ఏమంటే అది నేనే పడతాను."

వాడు తలూపి పనిలో పడ్డాడు. దూదిని మందులో ముంచి రెక్కలు తుడుస్తుంటే దూది నల్లగా మారిపోతోంది. ఒక్కో దూది పారేస్తుంటే గదిలో వాసన పలచబడుతోంది. ఇన్నాళ్ళూ ఏ వాసన పోవాలని దణ్ణాలు పెట్టిందో, అది పోతుంటే పుష్పరాణి పారేసిన దూది ముక్కొకటి చేతిలోకి తీసుకుంది.

"అమ్మీ," అంది మెల్లగా. "నా గురించేటైనా అనీదా?"

"అనీది."

"ఏటనీది?"

"నీకు నోరెక్కువనీది. మీ అమ్మ అరుపుకి గంగ అవతల హౌరాలో రైళ్ళాగిపోతాయనీది." అమూల్య తల్లి చెయ్యి పట్టుకుంది. "మరేమో... 'నా కొడుక్కి కూడా ఎయ్యదే, సేప తలకాయ్ నా కంచంలోనే ఏస్తాది మీ అమ్మ. అరిసిన పూట ఇంకో ముక్క ఎక్కువేస్తాది. దాని కోపం నాకు తెల్దేటి' అనీది."

పుష్పరాణి పీట మీద కూలబడింది. నిజమే. అరిచిన పూటల్లా వేసేది. వేస్తున్నట్టు తనకే తెలియదు. ఆవిడ చూసింది. చూసి, నోరు మూసుకుని, మనవరాలితో చెప్పుకుంది.

అత్త పోయిన రోజు ఆమెకి ఏడుపు రాలేదు. అంతా ఏడుస్తుంటే కొయ్యలా కూర్చుంది. భయం కన్నీటి చుక్క రాలనివ్వలేదు. ఇప్పుడు వచ్చింది. పొట్టలోంచి తన్నుకుంటూ వచ్చింది. "ఓలత్తో! ఓలమ్మో! నన్నొగ్గీసి ఎల్లిపోనావా అత్తో!" అని గుండెలు బాదుకుంటూ, వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు శవం దగ్గర ఏడ్చినట్టే రాగం తీసి ఏడ్చింది. సాయి తేజ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అమూల్య తల్లిని పొదివి పట్టుకుంది.

ఆ ఏడుపు వరండా దాటి, మెట్లు దాటి, కింద కుళాయి దాకా వినిపించింది. డ్యూటీ నుంచి వస్తున్న హనుమయ్య వానలోనే పరుగెత్తుకుంటూ పైకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, విప్పేసిన మిషన్‌నీ, కొత్త కుర్రాణ్ణీ, ఏడుస్తున్న పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏటైనాదే? ఎవురు పోనారు?"

అమూల్య తల్లి తల నిమురుతూ తండ్రి వైపు చూసింది.

"మామ్మ పోనాది నాన్నా," అంది.

హనుమయ్య వచ్చి భార్య పక్కన కూర్చుని, తడిచెయ్యి ఆమె వీపు మీద వేశాడు.